ఉద్యోగం, ఇల్లు, ఆర్కెస్ట్రా: మూడూ కలిసి నడవాలంటే

పగలు ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటూ, ఊళ్లోని ఆర్కెస్ట్రాలో కీబోర్డో, ప్యాడ్సో (కర్రలతో వాయించే ఎలక్ట్రానిక్ డ్రమ్ములు), గిటారో వాయించేవాళ్ల కోసం, పాడేవాళ్ల కోసం ఈ మార్గదర్శి. పెళ్లి రిసెప్షన్లు, సంగీత్‌లు, వినాయక చవితి పందిళ్లు, దసరా వేదికలు, జాతర్లు, పట్నంలో అయితే శనివారం రాత్రి కేఫ్‌లు: ఇవే మీ ప్రోగ్రాంలు. ఇంట్లో గొడవ పాట మీద రావడం అరుదు. "మూడు గంటల ప్రోగ్రామే" అని చెప్పి మధ్యాహ్నం రెండున్నరకు గడప దాటి, అర్ధరాత్రి ఒకటిన్నరకు తలుపు తట్టడం మీద వస్తుంది. అందుకే తొలిపని లెక్క.

1. ప్రోగ్రాం అసలు ఎన్ని గంటలు?

మీ ఊరికి 60 కిలోమీటర్ల దూరంలో ఒక రిసెప్షన్ ఒప్పుకున్నారనుకోండి. 2:30కి సామాను వ్యాన్‌లోకి ఎక్కించడం మొదలు. 3 గంటలకు బయల్దేరితే 4:30కి ఫంక్షన్ హాలు. స్టాండ్లు, వైర్లు, మిక్సర్ సర్దేసరికి 6. సౌండ్ చెక్ 6:45 దాకా. పెళ్లివాళ్లు కూర్చోవడానికి ఇంకో ముప్పావు గంట. 7:30కి మొదటి పాట, 10కి చివరిది. వైర్లు చుట్టి, కేసులు మూసి, వ్యాన్ నింపేసరికి 11. భోజనం అరగంట. దారి గంటన్నర. ఒక్కొక్కరినీ దించుకుంటూ మీ ఇల్లు చేరేది 1:30కి. రెండున్నర గంటల పాటకు పదకొండు గంటలు పోయాయి. ఇంట్లో చెప్పాల్సిన అంకె ఈ పదకొండే.

ఇప్పుడు నెల లెక్క. నాలుగు ప్రోగ్రాంలకు 44 గంటలు. వారానికో రిహార్సల్, రానూపోనూ కలిపి మూడున్నర గంటల చొప్పున 14. ఇంట్లో సాధన 10. ఫోన్లు, పాటల జాబితాలు, సామాను రిపేర్లకు 4. మొత్తం 72. ఉద్యోగం, ప్రయాణం, నిద్ర, స్నానపానాలు పోగా పనిరోజున మీ చేతిలో మిగిలేది సుమారు 3 గంటలు, సెలవురోజున 10. 22 పనిరోజులు, 8 సెలవురోజులు అనుకుంటే 146 గంటలు. అంటే నాలుగు ప్రోగ్రాంల నెలలో మీ ఖాళీ సమయంలో దాదాపు సగం బ్యాండుదే. ప్రోగ్రాంలు రెండుకు, రిహార్సళ్లు రెండుకు తగ్గిస్తే అది 43 గంటలు, మూడో వంతుకు కాస్త తక్కువ. పిల్లలున్న ఇంట్లో ఏళ్ల తరబడి నిలిచే లెక్క ఈ రెండోదే. నాలుగు మోయగలమనుకునేవాళ్లు చాలామందే ఉంటారు గానీ, ఆ మోత సాధారణంగా ఇంట్లో ఇంకొకరి భుజం మీద ఉంటుంది.

2. పంచాంగం ముందేసుకుని ఏడాది గీయండి

మన బ్యాండు సీజన్ నెలల మీద నడవదు, ముహూర్తాల మీద నడుస్తుంది. ఉగాదికి కొత్త పంచాంగం రాగానే, దాంతోపాటు ఒక గోడ క్యాలెండర్ తీసుకుని ఇంట్లోవాళ్లతో కలిసి ఒక గంట కూర్చోండి.

మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణం, కార్తీకం, మార్గశిరం: పెళ్లిళ్ల ఒత్తిడి వీటిలోనే. ఆషాఢం, భాద్రపదం, పుష్యం శూన్యమాసాలు. డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా ధనుర్మాసం, పెళ్లి పిలుపులు ఉండవు. భాద్రపదంలో పెళ్లిళ్లు లేకపోయినా చవితి పందిళ్లు ఉంటాయి, ఆశ్వయుజంలో శరన్నవరాత్రులు. గురు, శుక్ర మూఢాలు ఎప్పుడు పడ్డాయో, అధికమాసం ఉందో లేదో తప్పక చూడండి. 2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. మామూలుగా కిటకిటలాడే వేసవిలో నెల రోజులు ఖాళీ. అలా ఖాళీ వచ్చినప్పుడల్లా ఆ పెళ్లిళ్లన్నీ దానికి ముందూ వెనకా ఉన్న కొద్దిపాటి ముహూర్తాల మీద పడతాయి. ఒకే రోజుకు మూడు చోట్ల నుంచి ఫోన్లు వచ్చేది అప్పుడే, నోరుజారి "సరే" అనేదీ అప్పుడే.

క్యాలెండర్ మీద మొదట ఇంటి తేదీలు రాయండి, తర్వాతే బ్యాండువి. పుట్టినరోజులు, పెళ్లిరోజు, పెద్దల తద్దినాలు, పిల్లల పరీక్షలు. ఇంటర్, పదో తరగతి పరీక్షలు సరిగ్గా మాఘ ఫాల్గుణాల పెళ్లిళ్ల మీదికే వస్తాయి. ఆ ఇంట్లో ఆ ఏడాది ఫిబ్రవరి, మార్చి నెలల్లో మీ ప్రోగ్రాంలు సగానికి తగ్గాల్సిందే. శూన్యమాసాలను ఖాళీగా వదిలేయకండి. కుటుంబంతో ఊళ్లకు వెళ్లడం ఆషాఢానికి, కొత్త పాటలు కట్టుకోవడం పుష్యానికి కేటాయిస్తే సీజన్‌లో రిహార్సళ్ల భారం తగ్గుతుంది. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి తెలుగు సంఘాల వేదికల మీద వాయించేవాళ్లకు ఈ లెక్క మారుతుంది. అక్కడ పండగ ఏ వారం వచ్చినా సభ వారాంతంలోనే కాబట్టి, ఉగాది, దీపావళి చుట్టుపక్కల రెండు మూడు వారాలు గుర్తు పెట్టుకుంటే చాలు.

3. తేదీ ఒప్పుకునే పద్ధతి

ఇక్కడ నియమం ఒక్కటే: ఫోన్ చేతిలో ఉండగా సరే అనకూడదు. "అన్నా, తేదీ చూసి రాత్రికి చెప్తా" అనండి. ఇంటికి వచ్చి గోడ క్యాలెండర్ చూడండి, ఇంట్లో అడగండి, తేదీ రాయండి, ఆ తర్వాత కబురు పెట్టండి. గోడ మీద లేని ప్రోగ్రాం లేనట్టే. ఫోన్‌లోని క్యాలెండర్ మీకు పనికొస్తుంది గానీ, వంటింట్లోకి వెళ్తూ అమ్మో ఆవిడో చూసేది గోడనే.

రాసేటప్పుడు "విజయవాడ ప్రోగ్రాం" అని ఊరుకోకుండా, "శనివారం, మధ్యాహ్నం 2:30 నుంచి రాత్రి 1:30" అని పూర్తిగా రాయండి. ప్రతి ప్రోగ్రాంకీ ఎదురుగా ఇంటికి ఇచ్చే పూట ఒకటి అదే వారంలో రాయండి. "తర్వాత చూద్దాం" అంటే ఆ పూట రాదు. ఆదివారం రాత్రి ప్రోగ్రాం వద్దని ముందే గీత గీసుకోండి. సోమవారం ఆఫీసులో నిద్ర మొహం, ఇంట్లో చిరాకు కలిపితే ఒక ప్రోగ్రాం ఖరీదు రెండింతలవుతుంది.

అడిగేటప్పుడు అడిగినట్టు అడగండి. "శనివారం ప్రోగ్రాం ఉంది" అనేది సమాచారం. "శనివారం ఒకటి వచ్చింది, నెలలో ఇది రెండోది, ఒప్పుకోమంటావా?" అనేది ప్రశ్న. మొదటి మాట వినీవినీ విసిగిన ఇంట్లో, రెండో మాటకు "వెళ్లండి" అనే జవాబే ఎక్కువసార్లు వస్తుంది. "వద్దు" అని వచ్చినప్పుడు నిజంగానే మానుకోవాలి. లేకపోతే తర్వాతిసారి ఆ ప్రశ్నకు విలువ ఉండదు.

4. బదులు మనిషి

బ్యాండులో ఒక్కో వాద్యానికి ఒక్కరే ఉంటే, మీ ఇంట్లో జ్వరం వచ్చినా బ్యాండుకు గండమే. అందుకని ప్రతి వాద్యానికీ బదులుగా వచ్చేవాళ్లను ఒకరిని సీజన్‌కు ముందే అనుకుని ఉంచుకోవాలి. దీనికి అడ్డుపడేది ఎక్కువగా భయం: వాడు బాగా వాయిస్తే నా సీటు పోతుందేమోనని. సీటు నిజంగా పోయేది చివరి గంటలో రానని ఫోన్ చేసినప్పుడు.

బదులు మనిషి చేతికి ఏం ఇవ్వాలంటే: పాటల జాబితా, ప్రతి పాటకూ మీరు వాయించే స్కేల్, అంటే శ్రుతి (సినిమాలో ఉన్నది కాదు, మీ గాయకుడికి సరిపోయేలా మార్చుకున్నది), టెంపో (వేగం), పల్లవికి ముందు వచ్చే బిట్ (వాద్యాల ముక్క), చరణాల మధ్య బిట్లు ఎవరు వాయిస్తారో, ముగింపు ఎలా ఆగుతుందో. కీబోర్డు వాయించేవాళ్లు తమ టోన్ల (వాద్య ధ్వనుల) సెట్టింగులు పెన్‌డ్రైవ్‌లో వేసి బ్యాండు పెట్టెలో ఒక కాపీ ఉంచాలి. అయితే అదే మోడల్ కీబోర్డు కాకపోతే ఆ ఫైల్ తెరుచుకోకపోవచ్చు. కాబట్టి ఏ పాటకు ఏ టోన్ అనేది కాగితం మీద కూడా ఉండాలి. ట్రాన్స్‌పోజ్ బటన్ (కీబోర్డు శ్రుతిని మొత్తంగా మార్చేది) వాడే పాటలకు ఎదురుగా ఎర్ర గుర్తు పెట్టండి. ముందు పాటకు నొక్కిన ట్రాన్స్‌పోజ్ తీయడం మరచిపోయి తర్వాతి పాట అపశ్రుతిలో ఎత్తుకోవడం, బదులుగా వచ్చినవాళ్లు తరచూ చేసే పొరపాటు.

ఆ రోజు వాటా మొత్తం బదులుగా వచ్చినవాళ్లకే. అందులోంచి కమీషన్ పట్టుకుంటే రెండోసారి పిలిచినా రారు.

5. రిహార్సల్ రెండున్నర గంటలు దాటకుండా

రిహార్సల్ సాగదీయడానికి కారణం అందరూ అక్కడికి వచ్చాక పాట వినడం. దీన్ని మార్చండి: ఆదివారం రిహార్సల్ అయితే బుధవారం రాత్రికల్లా పాట, స్కేల్, ఎవరు ఏం వాయించాలో గ్రూపులో పడాలి. ఆ తర్వాత కొత్త పాట చేర్చకూడదు. వాట్సాప్ గ్రూపులు రెండు పెట్టుకోండి. ఒకటి తేదీలకు, పాటలకు మాత్రమే, రెండోది కబుర్లకు. రెండోదాన్ని మ్యూట్ చేసుకుంటే అన్నం తినేటప్పుడు ఫోన్ మోగదు.

సమయం ఇలా పంచండి. సామాను కలుపుకోవడానికి, శ్రుతి చూసుకోవడానికి 15 నిమిషాలు. కొత్త పాటలు రెండు, ఒక్కోదానికి 35 నిమిషాలు: బిట్లు విడిగా రెండుసార్లు, పల్లవి చరణాలు ఒకసారి, ఆగకుండా మొత్తం రెండుసార్లు. 10 నిమిషాలు టీ. పాత పాటల్లో పోయినసారి తడబడ్డవాటికి 40 నిమిషాలు. ప్రోగ్రాంలో వరుసగా వచ్చే మూడు పాటలను మధ్యలో మాట్లాడకుండా వాయించి చూడటానికి చివరి 15. పాట బాగున్నా పాటకూ పాటకూ మధ్య రెండు నిమిషాల తడుములాట ఉంటే జనం లేచిపోతారు.

గాయని ఉన్న బ్యాండులు ఒక విషయం గట్టిగా పట్టుకోవాలి. రిహార్సల్ రాత్రి తొమ్మిదికి పెట్టి, పెళ్లయ్యాక ఆమె మానేస్తే "ఏం చేస్తాం, సంసారం" అనుకోవడం చాలాచోట్ల ఉంది. ఆదివారం ఉదయం 10 గంటలకు పెట్టి చూడండి, చాలావరకు ఆమె మానేయాల్సిన పని ఉండదు. ప్రోగ్రాం తర్వాత వ్యాన్ ముందు ఆమెను ఇంటి గుమ్మం దగ్గర దించి, తర్వాతే మిగతావాళ్ల వైపు తిరగాలి. ఆమె ఇంట్లో వ్యాన్ డ్రైవర్ నంబరు, బ్యాండు పెద్ద నంబరు ఉండాలి. ఈ మూడు పనులకూ పైసా ఖర్చు లేదు.

6. ఇంట్లో సాధన

రోజుకు అరగంట, వారానికి ఐదు రోజులు. వేళ్లు కదలడానికి సరళి వరుసలు గానీ స్కేళ్లు గానీ 5 నిమిషాలు. కుదరని బిట్ ఒక్కటే తీసుకుని, అసలు టెంపోలో 60 శాతంతో మొదలుపెట్టి తప్పు రానప్పుడల్లా 5 శాతం పెంచుతూ 15 నిమిషాలు. చివరి 10 నిమిషాలు ఫోన్‌లో రికార్డు చేస్తూ ఆగకుండా ఒక పాట. నచ్చిన పాటనే వాయించుకుంటూ కూర్చుంటే గంటయినా చేయి మారదు, ఇంట్లోవాళ్ల దృష్టిలో మాత్రం గంట పోతుంది.

కీబోర్డు, ఎలక్ట్రానిక్ ప్యాడ్స్ అయితే హెడ్‌ఫోన్స్. అపార్ట్‌మెంట్‌లో ప్యాడ్స్‌కు హెడ్‌ఫోన్స్ ఒక్కటే చాలదు. కర్ర దెబ్బ స్టాండు మీదుగా కింది ఇంటి స్లాబులోకి దిగుతుంది. స్టాండు కాళ్ల కింద మందపాటి రబ్బరు చాప, దాని కింద పాత బొంత వేయండి. పాడేవాళ్లు అలసిన గొంతుతో రాత్రి పూట సాధన చేయకూడదు. ఉదయం కాఫీకి ముందు, గోరువెచ్చని నీళ్లు తాగి మంద్రంలో మొదలుపెడితే 20 నిమిషాలు చాలు.

7. ఆ రాత్రి, ఆ మర్నాడు

ప్రోగ్రాం అయ్యాక మీరే కారు నడుపుకుంటూ రాకండి. పదకొండు గంటల పని తర్వాత అర్ధరాత్రి రోడ్డు మీద రెప్ప పడటానికి రెండు సెకన్లు చాలు. డ్రైవర్ ఖర్చు ప్రోగ్రాం రేటులోనే కలపండి. తప్పనిసరిగా నడపాల్సి వచ్చి కళ్లు బరువెక్కితే, వెలుతురున్న పెట్రోల్ బంకులో ఆపి 20 నిమిషాలు కునుకు తీయండి. కిటికీ తెరవడం, పాటలు పెట్టడం నిద్రను ఆపలేవు.

భోజనం సాయంత్రం 6 గంటలకే తేలిగ్గా, ఇడ్లీయో పెరుగన్నమో తినండి. రాత్రి 11కు హాలులో బిర్యానీ తిని ఒకటిన్నరకు పడుకుంటే గొంతులోకి ఎగదన్నే పులుపు నిద్రనూ, పాడేవాళ్లయితే మర్నాటి గొంతునూ చెడగొడుతుంది. టీ, కాఫీ 7 తర్వాత వద్దు. కెఫీన్‌లో సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. అయినా ఇల్లు చేరగానే నిద్ర రాదు, వేదిక ఊపు దిగడానికి ముప్పావు గంట పడుతుంది. ఆ సమయంలో ఫోన్‌లో వీడియోలు చూస్తే మూడవుతుంది. స్నానం చేసి చీకట్లో పడుకోండి. మర్నాడు మీరు ఎన్ని గంటలకు లేస్తారో, ఆ తర్వాత ఏ పని మీదో ముందే మాట్లాడుకోండి. పదింటి దాకా పడుకోవడం నేరం కాదు గానీ, పదింటికి లేచి పేపరు పట్టుకుని కూర్చోవడమే గొడవకు మొదలు.

చెవుల సంగతి. శబ్దం 85 డెసిబెల్స్ దాకా ఉంటే 8 గంటలు వినొచ్చని, అక్కణ్నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి తగ్గుతుందని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క. ఆ లెక్కన 94 దగ్గర గంట, 100 దగ్గర 15 నిమిషాలు. ప్యాడ్స్ పక్కన, మానిటర్ స్పీకర్ (వాయించేవాళ్ల వైపు తిప్పి పెట్టేది) ముందు రెండున్నర గంటలు నిలబడితే ఆ హద్దు తేలిగ్గా దాటిపోతుంది. ప్రోగ్రాం తర్వాత చెవిలో గుయ్యిమంటుంటే అది దెబ్బ తగిలిన గుర్తు. మర్నాడు పిల్లలు మామూలుగా అరిచినా విసుగెత్తడంలో నిద్రలేమి ఎంతో, అలసిన చెవీ అంతే. మెత్తటి ఫోమ్ ప్లగ్గులు పై శబ్దాలను ఎక్కువగా మింగేస్తాయి కాబట్టి శ్రుతి మసకబారుతుంది. వాద్యగాళ్ల కోసం చేసే ఫిల్టర్ ప్లగ్గులు అన్ని శబ్దాలనూ ఇంచుమించు సమానంగా 15, 20 డెసిబెల్స్ తగ్గిస్తాయి. మొదటి రెండు రిహార్సళ్లలో ఇబ్బందిగా ఉంటుంది, తర్వాత అలవాటవుతుంది.

8. డబ్బు

ప్రోగ్రాం రేటు 45,000 అనుకుందాం. సౌండ్ సిస్టమ్‌కు 12,000, డ్రైవర్‌తో సహా వ్యాన్‌కు 6,000, బ్యాండు నిధికి 3,000 పోగా 24,000. ఆరుగురికి తలా 4,000. పదకొండు గంటలకు పంచితే గంటకు 360 పైచిలుకు. ఈ అంకె ఇంట్లో తెలియాలి. ఎక్కువ అనుకున్నా, తక్కువ అనుకున్నా గొడవే. తీగలు, కర్రలు, అడాప్టర్లు, కొత్త వాద్యం అన్నీ బ్యాండు సంపాదనలోంచే కొనాలి, జీతంలోంచి కాదు. ప్రతి ప్రోగ్రాం వాటాలో సగం ఇంటి ఖాతాకు, సగం వాద్యం ఖాతాకు వేసుకుంటే పక్కింటి కుర్రాడి కొత్త కీబోర్డు చూసి వాయిదాల్లో కొనే తొందర కూడా తగ్గుతుంది.

అడ్వాన్స్ సగం, తేదీ ఖాయం చేసిన రోజే. ప్రోగ్రాంకు 15 రోజుల లోపు రద్దయితే అది తిరిగి ఇవ్వబోమని కాగితం మీద ఉండాలి. మిగతా సగం సౌండ్ చెక్‌కు ముందు తీసుకోండి. ప్రోగ్రాం అయ్యాక అడిగితే, పది దాటాక డబ్బు చేతిలో ఉన్న పెద్దాయన భోజనాల దగ్గరుంటాడు, లేదా పడుకుని ఉంటాడు. "రేపు ఫోన్‌పే చేస్తాం" అంటారు. ఆ ఎదురుచూపులో ఇంటికి చేరే టైము గంట వెనక్కి పోతుంది.

అదే కాగితం మీద "చివరి పాట రాత్రి 10 గంటలకు" అని రాయించండి. శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు, 2000 ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లకు వీల్లేదు. పండగలు, సాంస్కృతిక కార్యక్రమాలకు ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు. "ఇంకొక్క పాట తమ్ముడూ" అనే బంధువుకు "పోలీసులు వస్తారండీ" అనేది మర్యాద చెడని జవాబు. మీ ఇంటికీ అదే మేలు.

9. ఆఫీసు

ప్రైవేటు ఉద్యోగమైతే నియామక పత్రంలో బయటి సంపాదన మీద ఏం రాశారో ఒకసారి చదవండి. రాతపూర్వకంగా అనుమతి అడిగి ఉంచుకుంటే, తర్వాత ఎవరైనా వీడియో చూపించినా భయం ఉండదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 1964 నాటి ప్రవర్తనా నియమాల్లో 15వ నియమం, అప్పుడప్పుడు చేసే కళాత్మక పనికి, విధులకు అడ్డు రానంతవరకు ముందస్తు అనుమతి అవసరం లేదంటుంది. అయితే ప్రతి ముహూర్తానికీ డబ్బు తీసుకుని వాయించడాన్ని "అప్పుడప్పుడు" అంటే ఒప్పుకోకపోవచ్చు. రాష్ట్ర ఉద్యోగులు, టీచర్లు తమ శాఖాధికారిని ముందే అడగాలి. వచ్చిన డబ్బును ఆదాయపు పన్ను రిటర్నులో చూపించండి.

10. సొంతవాళ్ల పెళ్లి, విరామం

బావమరిది పెళ్లికి "మన బ్యాండే ఉండగా వేరేవాళ్లెందుకు" అంటారు. ఒప్పుకుంటే ఆ పెళ్లి ఫొటోల్లో మీరు కీబోర్డు వెనకే ఉంటారు, తలంబ్రాల దగ్గర ఉండరు. డబ్బు విషయం కూడా అటు బంధువులకూ, ఇటు బ్యాండుకూ మింగుడుపడదు. తెలిసిన వేరే బ్యాండును కుదిర్చి, వాళ్ల వేదిక మీద రెండు పాటలు వాయించి దిగిపోండి.

ఇంట్లో కాన్పు ఉన్నప్పుడు, పెద్దవాళ్లు మంచాన పడ్డప్పుడు, ఉద్యోగంలో బదిలీ వచ్చినప్పుడు తడబడుతూ కొనసాగే బదులు విరామం తీసుకోవడం మంచిది. మూడు నెలల ముందు చెప్పండి. అడ్వాన్స్ పుచ్చుకున్న తేదీలన్నీ మీరే పూర్తి చేయండి, లేదా బదులు మనిషిని వెంటబెట్టుకుని ఒక ప్రోగ్రాం చేసి అప్పగించండి. ఎంతకాలమో అంకెతో చెప్పండి, ఆరు నెలలంటే ఆరు నెలలు. ఆ లోపు తేదీల గ్రూపులోంచి బయటికి వచ్చి, కబుర్ల గ్రూపులో ఉండండి. బ్యాండు నిధిలో మీ వాటా ఎంత, నిధితో కొన్న మిక్సర్, మైకుల్లో మీకేముంది అనేది వెళ్లేరోజే కాగితం మీద రాసి ఇద్దరు సంతకం పెట్టాలి. పూర్తిగా మానేస్తున్నట్టయితే సామాను ఆనాటి సెకండ్‌హ్యాండ్ ధర కట్టి, మీ వాటాను రెండు మూడు ప్రోగ్రాంలలో వాయిదాలుగా తీసుకోండి. ఒకేసారి అడిగితే బ్యాండు మైకులు అమ్ముకోవాల్సి వస్తుంది.